పదవీ విరమణ వేళ విద్యుత్ కారు: భిలాయి ఉద్యోగి వేసుకోవలసిన లెక్క

భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసే ఉద్యోగికి అరవై సంవత్సరాలు నిండిన నెలాఖరున రెండు మార్పులు ఒకేసారి సంభవిస్తాయి. భవిష్య నిధి, గ్రాట్యుటీ, సెలవుల నగదు కలిసి ఒక పెద్ద మొత్తం చేతికి అందుతుంది. అదే రోజుతో, మూడు దశాబ్దాలకు పైగా ఇంటి నుండి కర్మాగారం గేటు వరకు సాగిన ప్రయాణం ఆగిపోతుంది. ఈ సమయంలోనే పెక్కు కుటుంబాలలో కారు మాట వస్తున్నది. పాత పెట్రోలు కారును ఉంచుకోవాలా, లేక దానిని ఇచ్చివేసి విద్యుత్ కారు కొనాలా అన్నది ప్రశ్న. డబ్బు అందుబాటులో ఉన్నది, పిల్లలు ప్రోత్సహిస్తున్నారు, పెట్రోలు ధర లీటరుకు నూరు రూపాయల దరిదాపులలో ఉన్నది. కనుక సమాధానం సులభమని తోస్తుంది. నిదానించి చూస్తే అది అంత సులభమైనది కాదు. ఉద్యోగంలో ఉన్నవానికి లాభసాటిగా తేలిన లెక్క, విరమణ పొందినవానికి అదే విధంగా తేలకపోవచ్చును.

భారతదేశపు చిన్న నమూనా

1955 ఫిబ్రవరి 2న భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య కుదిరిన ఒప్పందం మేరకు, దుర్గ్ పట్టణం సమీపాన భిలాయి కర్మాగారం రూపుదిద్దుకున్నది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. నాటి నుండి దేశం నలుమూలల వారు ఇక్కడికి తరలివచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వచ్చిన తెలుగువారు, కేరళీయులు, బెంగాలీలు, పంజాబీలు, ఒడియావారు స్థానిక ఛత్తీస్‌గఢీ కుటుంబాలతో కలిసి ఒకే సెక్టారులో ఇరుగుపొరుగుగా జీవించారు. భిలాయిని 'మినీ ఇండియా' అని పిలవడానికి కారణమిదే.

ఈ నేపథ్యానికి, కారు విషయానికి దగ్గర సంబంధమున్నది. విరమణ పొందిన ఉద్యోగులలో కొందరు భిలాయిలోనే స్థిరపడతారు. కొందరు స్వగ్రామానికి మరలిపోతారు. మరికొందరు హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాలలో ఉన్న సంతానం వద్దకు వెళ్ళి, ఏడాదిలో కొన్ని నెలలు అక్కడా, కొన్ని నెలలు ఇక్కడా గడుపుతారు. ఈ ముగ్గురికీ సరిపడే కారు ఒకటి కాదు. అందువలన ఎక్కడ నివసించాలన్నది తేల్చుకొనక ముందే ఏ కారు కొనాలన్నది తేల్చుకొనడం, పునాది వేయకుండా గోడ లేపడం వంటిది.

నేటి విద్యుత్ కారు స్థితి

విద్యుత్ కారు మన దేశానికి పూర్తిగా కొత్తది కాదు. బెంగుళూరులో తయారైన 'రేవా' అనే చిన్న కారు 2001లోనే విపణికి వచ్చింది. అయితే సాధారణ కుటుంబాల దృష్టి ఇటు మళ్ళినది 2020 జనవరిలో టాటా నెక్సాన్ విద్యుత్ కారు విడుదలైన తరువాతనే. ప్రభుత్వం కూడ పన్నుల ద్వారా ప్రోత్సాహం కల్పించింది. 2019 ఆగస్టు 1 నుండి విద్యుత్ వాహనాలపై జీఎస్టీ 12 శాతం నుండి 5 శాతానికి తగ్గించబడినది.

ఈ రాయితీల విషయంలో జాగ్రత్త అవసరం. కొన్నేళ్ళ క్రితం కారు కొన్న మిత్రుడు చెప్పిన మాట నేడు వర్తించకపోవచ్చును. విద్యుత్ వాహనపు ఋణం మీది వడ్డీకి ఏటా లక్షన్నర రూపాయల వరకు ఆదాయపు పన్ను మినహాయింపు ఉండేది. అది 2019 ఏప్రిల్ 1 నుండి 2023 మార్చి 31 లోపల మంజూరైన ఋణాలకే పరిమితం. మరొక ప్రక్క, 2025 సెప్టెంబరు 22 నుండి చిన్న పెట్రోలు కార్లపై జీఎస్టీ 28 శాతం నుండి 18 శాతానికి దిగింది, సెస్సు కూడ తొలగింది. ఫలితంగా పెట్రోలు కారుకు, విద్యుత్ కారుకు మధ్య ధరల అంతరం మరల కొంత పెరిగింది. 2022లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ప్రకటించిన విద్యుత్ వాహన విధానంలో వాహనం ధరపై పది శాతం, గరిష్ఠంగా లక్షన్నర రూపాయల సహాయం పేర్కొనబడినది. ఇట్టి సహాయం వర్తించే తేదీలను రవాణా కార్యాలయంలో స్వయంగా విచారించి, చేతికి అందే సొమ్మును మాత్రమే లెక్కలో చేర్చుకొనడం వివేకం.

కిలోమీటరు చెప్పే నిజం

విద్యుత్ కారు స్వభావం ఒక్క వాక్యంలో చెప్పవలసివస్తే, కొనేటప్పుడు ఎక్కువ ఖర్చు, నడిపేటప్పుడు తక్కువ ఖర్చు. ఎక్కువ పెట్టిన సొమ్ము తిరిగి రావాలంటే కారు తిరగాలి. ఉదాహరణకు ఒక లెక్క వేద్దాము.

పెట్రోలు కారు పట్టణంలో లీటరుకు 15 కిలోమీటర్లు నడుస్తుందనుకుంటే, లీటరు నూరు రూపాయల చొప్పున కిలోమీటరుకు సుమారు 6 రూపాయల 70 పైసలు అవుతుంది. విద్యుత్ కారు, చార్జింగులో వృథా అయ్యే కరెంటును కూడ కలుపుకొని, యూనిట్‌కు 6 కిలోమీటర్లు నడుస్తుందనుకుందాము. యూనిట్ ఏడు రూపాయల చొప్పున కిలోమీటరుకు 1 రూపాయి 20 పైసలు. అంటే ప్రతి కిలోమీటరుకు ఐదున్నర రూపాయల ఆదా. ఇక ఒకే తరహా రెండు కార్ల మధ్య ధరలో 3 లక్షల రూపాయల తేడా ఉన్నదనుకుంటే, ఆ తేడా పూడడానికి కారు దాదాపు 54,500 కిలోమీటర్లు తిరగవలసి ఉంటుంది.

హైదరాబాదులో ఉద్యోగం చేసే కుమారుడు రోజుకు 40 కిలోమీటర్ల చొప్పున ఏటా 12,000 కిలోమీటర్లు తిరుగుతాడు. నాలుగున్నర సంవత్సరాలలో అతని సొమ్ము తిరిగి వస్తుంది. తండ్రికి అతడిచ్చే సలహా అతని అనుభవం నుండి వచ్చినదే, అందులో అసత్యం లేదు. అయితే తండ్రి పరిస్థితి వేరు. పది కిలోమీటర్ల దూరం నుండి ప్రతిరోజు కర్మాగారానికి వెళ్ళివచ్చిన ఉద్యోగికి ఆ రాకపోకలే ఏడాదికి 6,000 కిలోమీటర్లు. విరమణతో అవి సున్న అవుతాయి. మిగిలేవి బజారు, ఆసుపత్రి, గుడి, బంధువుల ఇళ్ళు, అప్పుడప్పుడు రాయ్‌పూర్. ఇవన్నీ కలిసి ఏడాదికి 5,000 కిలోమీటర్లు అనుకుంటే, ధరలోని తేడా పూడడానికి పదకొండు సంవత్సరాలు కావాలి. అప్పటికి యజమానికి డెబ్బది ఒకటి నిండుతుంది.

ఇందులో మరొక అంశం ఇమిడి ఉన్నది. విరమణ సొమ్ము మరల సంపాదించగలిగేది కాదు. అరవై నిండినవారు వృద్ధుల పొదుపు పథకంలో 2023 ఏప్రిల్ నుండి 30 లక్షల రూపాయల వరకు దాచుకొనవచ్చును. 2025లో దానిపై వడ్డీ 8.2 శాతం. కారు ధరలోని తేడా 3 లక్షలను అందులో ఉంచితే ఏటా 24,600 రూపాయలు వడ్డీగా వస్తుంది, అసలు అట్లే నిలిచి ఉంటుంది. ఏటా 5,000 కిలోమీటర్లు తిరిగే విద్యుత్ కారు ఇంధనంపై మిగిల్చేది 27,500 రూపాయలు. రెండింటికీ వ్యత్యాసం మూడు వేలు మాత్రమే. విద్యుత్ కారుకు ఇంజన్ ఆయిలు, క్లచ్, స్పార్క్ ప్లగ్గు వంటివి లేనందున మరమ్మతులలో కొంత మిగులుతుంది. ఆ మాట నిజమే. అయినను 'కారు తన ఖర్చును తానే సంపాదించుకుంటుంది' అనే ఆశ తక్కువ తిరిగేవారి విషయంలో నెరవేరదు.

ఉద్యోగుల పింఛను పథకం కింద 15,000 రూపాయల వేతన పరిమితి మేరకు లెక్కించిన పింఛను, 35 సంవత్సరాల సర్వీసుకు నెలకు 7,500 రూపాయలు. సంస్థ కల్పించిన ఇతర పింఛను ఏర్పాట్లున్నను, నెల నెలా వచ్చే ఆదాయంలో అధికభాగం దాచిన సొమ్ముపై వడ్డీయే అయ్యే కుటుంబాలు అనేకం. అట్టి కుటుంబానికి మూడు లక్షలు అంటే నెలకు రెండు వేల రూపాయల ఆదాయమని గుర్తుంచుకొనవలసి ఉన్నది.

ప్లగ్గు ఎక్కడ ఉన్నది?

విద్యుత్ కారు సౌకర్యమంతా ఇంటివద్ద చార్జి చేసుకొనడంలో ఉన్నది. చిన్న కార్లకు ప్రత్యేక యంత్రం లేకున్నను 15 ఆంపియర్ల సాకెట్టు చాలును. సుమారు 24 యూనిట్ల బ్యాటరీ దాదాపు తొమ్మిది గంటలలో, అంటే రాత్రి పెడితే తెల్లవారేసరికి నిండుతుంది. కాని ఆ సాకెట్టు కారు నిలిపే చోట ఉండాలి.

టౌన్‌షిప్ క్వార్టర్ల సంగతి ఇక్కడ ఆలోచించవలసినది. పై అంతస్తులో నివసించేవారు కిటికీ నుండి తీగ వ్రేలాడదీసి కారును చార్జి చేయడం ప్రమాదకరం. క్వార్టరు సంస్థ ఆస్తి గనుక అనుమతి లేకుండా వైరింగు మార్చరాదు. పైగా విరమణానంతరం నియమిత కాలంలో క్వార్టరును అప్పగించవలసి ఉంటుంది. కాబట్టి క్వార్టరులో ఉండగానే కారు కొని, చార్జింగు ఏర్పాటుకు ఖర్చుచేసి, ఏడాది తిరగకుండా మరొక ఇంటికి మారడం ఒకే పనికి రెండుసార్లు వెచ్చించడమే అవుతుంది.

రిసాలి, నెహ్రూనగర్, స్మృతినగర్ వంటి ప్రాంతాలలో స్వంత ఇల్లు కట్టుకున్నవారికి ఈ చిక్కు లేదు. వారు మీటరు నుండి కారు నిలిపే చోటికి విడిగా ఒక లైను, దానికి తగిన ఎం.సి.బి., సరియైన ఎర్తింగు ఏర్పాటు చేయించుకుంటే చాలు. పాత ఇళ్ళలో ఎర్తింగు బలహీనంగా ఉండడం సాధారణం. లైసెన్సు గల ఎలక్ట్రీషియను చేత ముందుగా పరీక్ష చేయించాలి. వర్షపు నీరు తగలని చోట సాకెట్టు బిగించాలి.

స్వంత డాబా ఉన్నవారికి మరొక మార్గం కూడ ఉన్నది. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల సౌర ఫలకాలకు కేంద్ర ప్రభుత్వం 78,000 రూపాయల సహాయం అందిస్తున్నది. ఆ ఫలకాలు ఎండ బాగా ఉన్న రోజున పన్నెండు యూనిట్ల వరకు ఉత్పత్తి చేయగలవు. రోజుకు పాతిక కిలోమీటర్లు తిరిగే కారుకు నాలుగు యూనిట్లు చాలును. మిగిలినది ఇంటికి ఉపయోగపడుతుంది. పగలంతా ఇంటివద్దనే ఉండే విరమణ జీవితానికి ఈ ఏర్పాటు బాగా అమరుతుంది.

బ్యాటరీ వయస్సు, మనిషి వయస్సు

విద్యుత్ కార్ల బ్యాటరీకి సాధారణంగా ఎనిమిది సంవత్సరాలు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందయితే అంతవరకు హామీ లభిస్తుంది. ఏటా 5,000 చొప్పున ఎనిమిదేళ్ళలో కారు తిరిగేది 40,000 కిలోమీటర్లు. అంటే హామీలోని దూరంలో నాలుగవ వంతు మాత్రమే వాడబడగా, కాలం మాత్రం పూర్తిగా గడచిపోతుంది. బ్యాటరీ వాడకం వలననే గాక, ఊరక ఉన్నను కాలంతోపాటు కొంత శక్తిని కోల్పోతుంది. వేడి దీనికి తోడవుతుంది. భిలాయిలో మే నెల ఉష్ణోగ్రత 42 డిగ్రీలు దాటడం కొత్త కాదు. కారును నీడలో ఉంచడం, నెలల తరబడి ఊరు వెళ్ళేటప్పుడు బ్యాటరీని నిండుగా గాని, పూర్తిగా ఖాళీగా గాని వదలక సగం వరకు ఉంచడం మంచి అలవాట్లు.

మనిషి వయస్సు కూడ లెక్కలోనిదే. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణ ప్రకారం, యాభై నుండి యాభై ఐదు సంవత్సరాల మధ్య లైసెన్సు పొందిన లేక పునరుద్ధరించుకున్న వ్యక్తికి అది అరవై ఏళ్ళ వరకే చెల్లుతుంది. ఆపైన ఐదేళ్ళకొకసారి వైద్య ధ్రువపత్రంతో పునరుద్ధరించుకొనవలెను. కంటిచూపు, మోకాళ్ళు, మెడ తిప్పగల శక్తి ఎట్లున్నవో ఇంటిలోని వారితో కలిసి ఆలోచించుకొనడానికి ఇదొక సందర్భం.

ఈ విషయంలో విద్యుత్ కారుకు ఒక గొప్ప సుగుణం ఉన్నది. క్లచ్ లేదు, గేర్లు మార్చే శ్రమ లేదు. మోకాళ్ళ నొప్పులు గలవారికి, భర్తతోపాటు తానును కారు నడపాలని కోరుకునే గృహిణికి ఇది నిజమైన మేలు. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్ళవలసి వచ్చినపుడు పెట్రోలు బంకు కోసం వెదకనక్కరలేదు. అయితే ఆక్సిలరేటరు త్రొక్కిన క్షణమే బండి ముందుకు దూకుతుంది, శబ్దం లేనందున పాదచారులు గమనించరు. కొనుటకు ముందు అర్ధగంట కాక, రెండు మూడు రోజులు వేర్వేరు వేళలలో నడిపి చూడడం అవసరం. డబ్బు లెక్క సరిపోకున్నను ఈ సుఖం కొరకే కొనేవారు తప్పు చేసినవారు కారు. తాము దేనికి వెల చెల్లిస్తున్నారో తెలిసి చెల్లిస్తే చాలును.

స్వగ్రామానికి దారి

తెలుగు కుటుంబాలలో ఈ ప్రశ్న తప్పక వస్తుంది: 'ఈ కారులో ఊరు వెళ్ళగలమా?' రాయ్‌పూర్, జగదల్‌పూర్, కోరాపుట్, సాలూరు మీదుగా విజయనగరం చేరే రోడ్డు ఐదువందల కిలోమీటర్లకు పైబడినది. కేశ్‌కాల్ ఘాట్, సాలూరు ఘాట్ దారిలో ఉన్నవి. నిజమైన వాడకంలో నూటయాభై, రెండువందల కిలోమీటర్లు నడిచే చిన్న విద్యుత్ కారును దారిలో మూడు పర్యాయాలు చార్జి చేయవలసి రావచ్చును. ఘాటు ఎక్కేటప్పుడు బ్యాటరీ త్వరగా తరుగుతుంది. దిగేటప్పుడు కొంత తిరిగి నిండినను, అది ఎక్కడానికి వెచ్చించినదానితో సమానం కాదు.

దీనికి సరళమైన సమాధానం రైలు. దుర్గ్ నుండి విశాఖపట్నానికి 2024 సెప్టెంబరు 16న వందే భారత్ రైలు ప్రారంభమైనది. రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా సుమారు ఎనిమిది గంటలలో ఇది గమ్యం చేరుతుంది. భారతీయ రైల్వేలకు పట్టాలు అందించే ప్రధాన కర్మాగారం భిలాయియే. పట్టాలు తయారుచేసిన చేతులు, విశ్రాంతి దశలో ఆ పట్టాల మీదనే ఊరికి వెళ్ళడంలో ఔచిత్యం ఉన్నది. ఏడాదికి రెండు మూడు పర్యాయాలు జరిగే దూర ప్రయాణం కొరకు పెద్ద బ్యాటరీ గల ఖరీదైన కారు కొనడం, ఏటా ఒకసారి వచ్చే అతిథుల కొరకు పది గదుల ఇల్లు కట్టడం వంటిది.

శాశ్వతంగా ఆంధ్రప్రదేశ్‌కు మరలిపోదలచినవారు మరొక విషయం గమనించాలి. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని పన్నెండు మాసాలకు మించి వేరొక రాష్ట్రంలో ఉంచితే అక్కడ తిరిగి రిజిస్టరు చేయించవలెను. అందుకు నిరభ్యంతర పత్రం, క్రొత్త పన్ను, పాత పన్ను వాపసు కోసం దరఖాస్తు ఇవన్నీ తప్పవు. 2021 సెప్టెంబరులో వచ్చిన 'బీహెచ్' శ్రేణి రిజిస్ట్రేషనుకు ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు అర్హులు. పన్నును రెండేళ్ళకొకసారి చెల్లించే ఈ సౌకర్యం సర్వీసులో ఉన్నవారికి ఉద్దేశించినది. విరమణకు ముందే కొనడానికి బలమైన కారణం ఏదైనా ఉన్నదంటే, రాష్ట్రం మారనున్నవారికి ఇదొక్కటే.

బొగ్గు కరెంటు, పొగలేని బండి

పర్యావరణం పట్ల శ్రద్ధతో విద్యుత్ కారు కోరేవారు కూడ ఉన్నారు. వారి సంకల్పం మెచ్చదగినది. 2024లో నార్వేలో అమ్ముడైన కొత్త కార్లలో నూటికి ఎనభై ఎనిమిదికి పైగా విద్యుత్తుతో నడిచేవే. అయితే ఆ దేశపు కరెంటు జలపాతాల నుండి వస్తుంది. ఛత్తీస్‌గఢ్ కరెంటు ప్రధానంగా బొగ్గు నుండి వస్తుంది. మన దేశపు గ్రిడ్‌లో ఒక యూనిట్ విద్యుత్తుకు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతున్నది. పైన వేసిన లెక్కనే అనుసరిస్తే విద్యుత్ కారు కిలోమీటరుకు దాదాపు 117 గ్రాములకు, పెట్రోలు కారు 153 గ్రాములకు కారణమవుతాయి. లాభం నాలుగవ వంతుకు కొంచెం తక్కువ. బ్యాటరీ తయారీలో వెలువడే వాయువును కూడ కలిపితే, తక్కువ తిరిగే కారు విషయంలో ఈ లాభం ఇంకా కుదించుకుపోతుంది. వీధిలో పొగ లేకపోవడం మాత్రం అందరికీ దక్కే మేలు. సౌర ఫలకాల కరెంటుతో నడిపేవారికి ఫలితం పూర్తిగా మారిపోతుంది.

నిర్ణయానికి క్రమం

పై విషయాలన్నిటి నుండి ఒక క్రమం ఏర్పడుతున్నది. మొదట నివాసం స్థిరపడాలి. తరువాత విరమణ అనంతరం ఒక సంవత్సరం పాత కారునే నడుపుతూ, కర్మాగారంలో షిఫ్టు పుస్తకం వ్రాసిన విధంగానే, ప్రతి ప్రయాణాన్ని ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోవాలి. ఏడాది చివర మొత్తం పదివేల కిలోమీటర్లు దాటి, స్వంత ఇంటిలో ప్లగ్గు ఉన్నచో, విద్యుత్ కారు అన్ని విధాల తగినదే. ఐదువేలకు లోబడితే, బాగున్న పాత కారును ఉంచుకొనడమే మేలు. రెండు మూడు వేలు కూడ లేకున్నచో, బజారుకు విద్యుత్ స్కూటరు, అవసరమైనప్పుడు అద్దె కారు, దూరానికి రైలు చాలును. పాత కారు నిజంగా పాడైనవారు, మోకాళ్ళ బాధ గలవారు సంవత్సరం ఆగనక్కరలేదు. వారు చిన్న బ్యాటరీ గల కారును, భిలాయి, దుర్గ్, రాయ్‌పూర్‌లలో ఏదో ఒకచోట సర్వీసు కేంద్రం ఉన్నదని తెలుసుకొని తీసుకొనవచ్చును.

ఒక సంవత్సరం ఆగినందువలన నష్టపోయేది స్వల్పం. విద్యుత్ కార్ల బ్యాటరీలు ఏటేటా మెరుగవుతున్నవి. విరమణ సొమ్ము మాత్రం ఒక్కసారే వస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఖనిజం, కోక్, సున్నపురాయి తూకం ప్రకారం పడకపోతే దిగే లోహం ఎట్లుంటుందో భిలాయి ఉద్యోగికి వేరొకరు చెప్పనవసరం లేదు. నివాసం, దూరం, ఆరోగ్యం, నిల్వ సొమ్ము అనే నాలుగింటిని అట్లే తూచి వేసుకున్నవారికి కొన్నను, మానినను పశ్చాత్తాపం ఉండదు.